ముప్పాళ్ళలో స్విస్ వంట

స్విట్జర్లాండ్ అనగానే మన తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది మంచుకొండలు, ఆ మంచులో పల్చటి చీర కట్టుకుని వణక్కుండా పాట పాడే కథానాయిక. అంతకు మించి ఆ దేశంతో మనకు పరిచయం తక్కువ. అక్కడివాళ్ళు ఇంట్లో ఏం వండుకుంటారో, చలికాలం రాత్రి ఇంటిల్లిపాదీ ఏ గిన్నె చుట్టూ చేరతారో మనం ఏనాడూ అడగలేదు. నేనూ అడగలేదు. పోయిన సంక్రాంతి సెలవులకు ముందు, హాస్టల్లో ఒక రాత్రి కెమిస్ట్రీ రికార్డు రాయడం ఎగ్గొట్టి పాల గురించిన పుస్తకమొకటి తిరగేస్తుంటే 'ఫాండ్యూ' అనే మాట కంటబడింది.

ఫాండ్యూ అంటే ఫ్రెంచి భాషలో 'కరిగినది' అని అర్థం. చీజును తెల్ల ద్రాక్ష వైనులో కరిగించి, మందపాటి మట్టిచట్టిలో, సన్నని సెగ మీద వేడి ఆరకుండా ఉంచుతారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు పొడుగాటి ఫోర్కులకు రొట్టెముక్కలు గుచ్చి అందులో ముంచుకుని తింటారు. అంతే వంట.

'ఇంతేగదా' అనుకున్నాను. ఆ 'ఇంతే' నన్ను మూడు రోజులు ఏడిపించింది. ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది మిత్రులకు చెబుదామనే ఈ వ్యాసం. వంటంటే ఆడపిల్లల వ్యవహారమని పేజీ తిప్పేసే మగమిత్రులు ఒక్క నిమిషం ఆగండి. ఇందులో వంటకంటే కెమిస్ట్రీయే ఎక్కువ. కెమిస్ట్రీ కాని సంగతి కూడా ఒకటుంది.

మాది ముప్పాళ్ళ. గుంటూరు జిల్లావాళ్ళంగా పుట్టి, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లావాళ్ళమైపోయాం. సత్తెనపల్లి మాకు దగ్గరి పట్నం. మిరప, పత్తి, దొడ్లో గేదెలు, ఇదీ మా లోకం. మా వీధి చివరి కొట్లో చీజు ఉందా అని అడిగితే కొట్టాయన "చీపుళ్ళా? ఉన్నయ్, ఎన్ని కావాలి?" అన్నాడు. ఇట్లాంటిది జరుగుతుందని ముందే అనుమానించి, ఇంటికొస్తూ గుంటూరులో కొని, సంచిలో తడిగుడ్డ చుట్టి పెట్టుకొచ్చాను కాబట్టి సరిపోయింది.

నాతోపాటు నా రూమ్మేటు కూడా మా ఊరి సంక్రాంతి చూద్దామని వచ్చాడు. అతనిది ఒంగోలు వైపు. ఇక మూడోవాడు మా ఊరివాడే, పల్లెలో ఉంటాడు. ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా మేమిద్దరం ఒకే బెంచీ. లెక్కలు వాడి దగ్గర నేను చూసి రాసేవాణ్ణి, ఇంగ్లీషు నా దగ్గర వాడు చూసి రాసేవాడు. మా వసారా గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. వాడు వస్తే అమ్మ అందులో టీ పోస్తుంది. వాడు అరుగు మీద కూర్చుని తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే బోర్లించి పోతాడు. ఇన్నేళ్ళలో ఆ గ్లాసు గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఫాండ్యూ వ్యాసంలో ఈ గ్లాసు గొడవేమిటంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

మొదటి రోజు సాయంత్రం నేను పెద్ద వంటవాడిలా పంచె ఎగ్గట్టి పొయ్యి దగ్గర చేరాను. నాయనమ్మ వచ్చి "ఏందిరా అది?" అంది. చీజు అంటే ఆమెకు తెలియదని, నిఘంటువులో చూసిన మాట పట్టుకుని "స్విట్జర్లాండు జున్ను నాయనమ్మా" అన్నాను. ఆమె కళ్ళు మెరిసినయ్. "ఎవరి గేదె ఈనిందిరా?" అంది.

ఆమె తప్పేం లేదు. మన జున్ను వేరు, చీజు వేరు. ఈనిన గేదె మొదటి రెండు మూడు రోజులు ఇచ్చే ముర్రుపాలలో మామూలు పాలకంటే మాంసకృత్తులు చాలా ఎక్కువ. అవి వేడి తగలగానే గుడ్డు తెల్లసొన గట్టిపడినట్టు గట్టిపడతాయి. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడితే జున్నవుతుంది. తోడు వేయనక్కర్లేదు, విరగ్గొట్టనక్కర్లేదు. చీజు అట్లా కాదు. పాలను కొద్దిగా పులియబెట్టి, రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టించి, నీరు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెడితే చీజవుతుంది. జున్నును మళ్ళీ ఎంత కాచినా కరగదు. చీజు కరుగుతుంది. ఫాండ్యూ మొత్తం ఈ కరగడం మీదే ఆధారపడి ఉంది.

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. చీజు సరిపోదేమోనని, పాలు నిమ్మకాయతో విరగ్గొట్టి చేసిన పనీరు అందులో కలపడం మొదటిది. తొందరగా కరుగుతుందని గ్యాసు పూర్తిగా పెంచడం రెండోది. పావుగంట తర్వాత గిన్నెలో పైన పసుపుపచ్చ నూనె, అడుగున రబ్బరుముద్ద, మధ్యలో కరగకుండా తేలుతున్న పనీరు ముక్కలు కనబడ్డాయి. గరిటె పైకెత్తితే ముద్దంతా దానితోపాటే లేచింది. రూమ్మేటు చూసి "సైకిలు ట్యూబు పంక్చరేయడానికి పనికొస్తుంది" అన్నాడు. గేదెకు పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు.

రెండో రోజు పొయ్యి ముట్టుకోలేదు. ఎక్కడ చెడిందో ఆలోచించాను. మన సబ్జెక్టు పనికొచ్చింది అక్కడే.

పాలలో ముఖ్యమైన మాంసకృత్తి కేసీన్. చీజులో ఈ కేసీన్ వలలాగా అల్లుకుని ఉంటుంది. ఆ వల ముడులను బిగించి పట్టుకునేది కాల్షియం. వల కన్నాల్లో కొవ్వు, నీరు చిక్కుకుని ఉంటాయి. చీజు వేడెక్కితే ముందు కొవ్వు కరుగుతుంది, తర్వాత వల కాస్త సడలి సాగుతుంది. సెగ సన్నగా ఉంటే ఆ సడలిన వల కొవ్వునూ నీటినీ తనలోనే పట్టుకుని నున్నగా జారుతూ ఉంటుంది. మంట ఎక్కువైతే వల బిగదీసుకుపోయి, తడిగుడ్డ పిండినట్టు కొవ్వునీ నీటినీ బయటికి పిండేస్తుంది. నా గిన్నెలో పైన తేలిన నూనె, కింద మిగిలిన రబ్బరు ఇదే. ఒకసారి అట్లా పిండుకుపోయాక దాన్ని మళ్ళీ కలపడం చాలా కష్టం.

మరి స్విస్సువాళ్ళు వైను ఎందుకు పోస్తారు? మత్తు కోసమనుకుంటే పొరపాటు. వైనులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది కేసీన్ ముడుల దగ్గర ఉన్న కాల్షియంలో కొంత తనవైపు లాక్కుంటుంది. ముడి వదులైన కేసీన్ నీటిలో చక్కగా విడివడి, ఒక్కొక్క కొవ్వు బొట్టు చుట్టూ చేరి, అవి ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డం నిలబడుతుంది. దీనికి తోడు ఒకటి రెండు చెంచాల మొక్కజొన్న పిండి వేస్తారు. ఆ పిండి వేడికి ఉబ్బి, ద్రవాన్ని చిక్కబరచి, కేసీన్ ముద్దకట్టకుండా చూస్తుంది. ఫాండ్యూలో గుట్టంతా మూడు మాటల్లో చెప్పాలంటే పులుపు, పిండి, సన్నని సెగ.

పులుపు మాట రాగానే నాకు మా వంటింటి అటక మీది చింతపండు కుండ గుర్తొచ్చింది. చింతపండు పులుపుకు ప్రధాన కారణం ఏ ఆమ్లమో బి.ఎస్సీ. చదివిన మిత్రులకు చెప్పనక్కర్లేదు. అదీ టార్టారిక్ ఆమ్లమే! ద్రాక్షతోటలున్న దేశంవాడు ద్రాక్షలోంచి తెచ్చుకున్నదాన్ని, చింతచెట్టున్న దేశంవాడు చింతకాయలోంచి తెచ్చుకోవచ్చు. వైను కోసం నేను పడుతున్న దిగులు ఆ క్షణంలో తీరిపోయింది. ఇంట్లో వైను సీసా కనబడితే మా నాన్న నన్నేం చేసేవాడో మీరు ఊహించుకోవచ్చు.

పనీరు ఎందుకు కరగలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. మరిగే పాలలో నిమ్మరసం పిండితే కాల్షియం చాలావరకు తేటనీటిలోకి పోతుంది. వేడికి మారిపోయిన ఇతర మాంసకృత్తులు కూడా కేసీన్‌కు అంటుకుపోతాయి. ఇక ఆ ముద్ద వేడికి సడలదు, మెత్తబడుతుందేగాని కరిగి పారదు. కాల్షియం కాస్త వదులైతే కరుగుతుంది, మొత్తం పోతే కరగదు. దేనికైనా ఒక హద్దుంది మరి.

మన కొట్లలో ఎక్కువగా దొరికేది ప్రాసెస్డ్ చీజు. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, దాని పుట్టుక కూడా స్విట్జర్లాండే. తూన్ అనే ఊళ్ళో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు, చీజుకు సోడియం సిట్రేటు కలిపి వేడిచేస్తే నూనె విడిపోకుండా నున్నగా కరుగుతుందని కనిపెట్టారు. ఫాండ్యూలో వైను చేసే పనినే సిట్రేటు మరింత గట్టిగా చేస్తుంది. ఆ లవణం ముందే కలిసి ఉంటుంది కాబట్టి, మాగిన చీజుకు కాస్త ప్రాసెస్డ్ చీజు కలిపితే ఫాండ్యూ విరిగే భయం తగ్గుతుంది. నాకు చాలా ఉపయోగపడిన కిటుకు ఇది.

ఇంకొక మాట. స్విస్సువాళ్ళు వాడే గ్రుయేర్ అనే చీజును సంప్రదాయం ప్రకారం లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్ళు పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనుక్కోవాలి. ఆ చుక్క ఉన్న చీజును సూక్ష్మజీవుల నుంచి తయారైన ఎంజైములవంటి వాటితో చేస్తారు, దూడ రెన్నెట్ వాడరు.

ఇక చరిత్ర. ఇది పాపం కొండల్లో పశువులు కాచుకునే పేదవాళ్ళు, ఎండిపోయిన రొట్టె పారేయలేక కనిపెట్టిన వంట అని అందరూ చెబుతారు. వినడానికి బాగుంటుంది. కాని గ్రుయేర్ వంటి మంచి చీజు ఆ రోజుల్లో పైదేశాలకు అమ్మకానికి పోయే ఖరీదైన సరుకు. మన మిరపరైతు మొదటి రకం కాయ టిక్కీలకెత్తి, తాలుకాయ ఇంట్లోకి ఉంచుకున్నట్టే వాళ్ళ సంగతీనూ. 1699 నాటి జ్యూరిక్ వంటల పుస్తకంలో చీజును వైనులో వండే పద్ధతి ఉంది. జ్యూరిక్ పట్నమేగాని కొండ కాదు. 1825లో బ్రియా సవరెన్ అనే ఫ్రెంచి భోజనప్రియుడు ఫాండ్యూ పేరుతో రాసింది నిజానికి చీజు కలిపిన కోడిగుడ్ల పొరటు.

మరి ఇది దేశమంతటి వంట ఎట్లా అయింది? 1914లో ఏర్పడిన స్విస్ చీజు యూనియన్ అనే సంస్థ చీజు ధరలనూ అమ్మకాలనూ తన చేతిలో పెట్టుకుంది. చీజు ఖర్చు పెంచడం కోసం 1930 తర్వాతి సంవత్సరాల్లో ఫాండ్యూ మన జాతీయ వంటకమని ఊరూరా ప్రచారం చేసింది. 1999లో ఆ సంస్థ మూతపడింది, ఫాండ్యూ మిగిలింది. అమ్మకం కోసం చేసిన ప్రచారమైనా, జనం దాన్ని తమదిగా చేసుకున్నారు. తాతముత్తాతల నాటిదని మనం అనుకునేవన్నీ తాతముత్తాతల నాటివి కావు. ఈ మాట నాకు తర్వాత ఇంకొక చోట పనికొచ్చింది.

ఇప్పుడు అసలు వంట. సంప్రదాయ పద్ధతిలో మనిషికి 200 గ్రాముల చీజు, 100 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ వైను లెక్క. న్యూషాటెల్ వైపు గ్రుయేర్, ఎమ్మెంటాల్ చెరిసగం వేస్తారు. ఫ్రీబూర్ వైపు గ్రుయేర్, వాష్రాన్ చెరిసగం వేసి 'సగం-సగం' అనే పిలుస్తారు. చట్టి లోపలంతా వెల్లుల్లి రుద్ది, వైను కాచి, చీజు కొంచెం కొంచెం వేసి కలిపి, చివర్లో చెర్రీపండ్ల సారాయిలో కలిపిన మొక్కజొన్న పిండి పోసి, మిరియాలు, జాజికాయ చల్లుతారు. మన కడుపులకు అంత చీజు బరువు. ఐదుగురికి నేను చేసిన కొలతలు ఇవి:

మాగిన చెడ్డార్ లేదా గౌడా చీజు 300 గ్రాములు, మొజరెల్లా 100 గ్రాములు, ప్రాసెస్డ్ చీజు 100 గ్రాములు. ఉసిరికాయంత చింతపండు. నీళ్ళు ఒక పెద్ద గ్లాసు, అంటే పావు లీటరు. మొక్కజొన్న పిండి మూడు చిన్న చెంచాలు. వెల్లుల్లి రెబ్బలు రెండు. నిమ్మరసం ఒక చిన్న చెంచా. మిరియాల పొడి, గీరిన జాజికాయ చిటికెడు. ఉప్పు అక్కర్లేదు, చీజులోనే ఉంటుంది.

చింతపండు నీళ్ళలో అరగంట నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. చారుకంటే పల్చగా, నాలుక మీద సన్నగా పులుపు తగిలేటట్టు ఉండాలి. చిక్కగా ఉంటే పులుసవుతుంది, ఫాండ్యూ కాదు. చీజులన్నీ కొబ్బరికోరు మీద సన్నగా తురిమి, సగం మొక్కజొన్న పిండి వాటికి పట్టించాలి. ముక్కలుగా వేస్తే పైన కరిగి లోపల గట్టిగా ఉంటుంది.

మందపాటి మట్టిదాక తీసుకోండి. కొత్తదైతే ముందు రోజు గంజి పోసి కాచి ఉంచండి, లేకపోతే పగిలే ప్రమాదం. దాక లోపల వెల్లుల్లి రుద్ది, చింతపండు నీళ్ళు పోసి, సన్నని మంట మీద ఆవిరి వచ్చేదాకా కాచండి. ఇప్పుడు గుప్పెడు తురుము వేసి, అది పూర్తిగా కరిగాక ఇంకో గుప్పెడు. గరిటెను గుండ్రంగా తిప్పకుండా, అంకె ఎనిమిది వేసినట్టు అడ్డదిడ్డంగా తిప్పాలి. అప్పుడే అడుగంతా కదులుతుంది. ఏ దశలోనూ తెర్లనివ్వకూడదు. అంతా కరిగాక మిగిలిన పిండిని నిమ్మరసంలో, రెండు చెంచాల నీళ్ళలో కలిపి పోసి, రెండు నిమిషాలు తిప్పితే పెరుగుకంటే చిక్కగా, గరిటెనుంచి పట్టుదారంలా జారుతుంది. మిరియాలు, జాజికాయ వేసి దించండి. చింతపండు వల్ల రంగు కాస్త ముదురుతుంది. రుచికి లోటు లేదు.

విరుగుతున్నట్టు కనబడితే కంగారుపడి మంట పెంచకండి. దించి, ఇంకొక చెంచా పిండిని నిమ్మరసంలో కలిపి పోసి, ఆగకుండా తిప్పండి. మొదట్లోనే పట్టుకుంటే కుదురుకుంటుంది.

స్విస్సువాళ్ళు కింద చిన్న స్పిరిటు దీపం పెడతారు. మేము బొగ్గుల కుంపటి మీద బూడిద కప్పి, దాని మీద దాక పెట్టాం. ఇది గాలి ఆడే వసారాలోనే చేయాలి సుమా, తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణాంతకం. ముంచుకోవడానికి అక్కడి గట్టిరొట్టె మనకు దొరకదు. నిన్నటి బ్రెడ్డు పెనం మీద గలగలలాడేటట్టు కాల్చి, ప్రతి ముక్కకూ అంచు ఉండేటట్టు కోస్తే పుల్లకు నిలుస్తుంది. ఉడకబెట్టిన బంగాళాదుంప ఇంకా మంచిది. జొన్నరొట్టె ప్రయత్నించాం, విరిగి దాకలో పడింది. ఫోర్కులకు బదులు జానెడున్నర వెదురుపుల్లలు చెక్కుకున్నాం.

దీంతో చల్లటి నీళ్ళు తాగితే చీజు కడుపులో గడ్డకడుతుందని, వైను తాగితే అరుగుతుందని అక్కడి పెద్దవాళ్ళ నమ్మకం. జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 20 మందికి ఫాండ్యూ పెట్టి పరీక్షించారు. ఆ ఫలితాలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మద్యం పుచ్చుకుంటే కడుపు ఖాళీ కావడం ఇంకా ఆలస్యమైంది! కాబట్టి మనం వేడి టీ తాగితే చాలు.

మూడో రోజు, కనుమ నాటి సాయంత్రం, దాక వసారాలోకి వచ్చింది. నాన్న పొలం నుంచి ఇంకా రాలేదు. అమ్మ చాప పరిచింది. నేను పుల్లలు పంచుతూ ఈ వంటకున్న నియమాలు చెప్పాను. అందరూ ఒకే చట్టిలో ముంచాలి. ముంచినవాడల్లా అడుగుదాకా కలిపి తీయాలి, లేకపోతే మాడుతుంది. ముక్క జారి చట్టిలో పడితే జరిమానా, పాట పాడాలి.

నాయనమ్మ మంచం మీంచి అంతా వింటోంది. "అందరూ ఒకే దాట్లో ముంచి, నోట్లో పెట్టుకుని, మళ్ళీ ఆ పుల్లే ముంచుతారా? ఎంగిలి కాదంట్రా?" అంది. మంచి ప్రశ్న. అక్కడి మర్యాద తెలిసినవాళ్ళు కూడా ఫోర్కును పెదవికీ నాలుకకూ తగలనివ్వరని చెప్పాను. ఆమె నమ్మలేదు. అప్పుడు అమ్మ అంది, "ఎంగిలి ఎందుకవుతుంది అత్తయ్యా, పుల్లతో ముంచి ముక్క విస్తరాకులోకి లాక్కుంటారు, చేత్తో తింటారు. పుల్ల నోటికి తగలదు." నాయనమ్మ ఇంకేమీ అనలేకపోయింది.

ఎంగిలి సమస్య అట్లా తీరింది. అయినా నా స్నేహితుడు అరుగు మీదనుంచి లేవలేదు. "మీరు కానీయండ్రా, నాకిక్కడ గాలి బాగుంది" అన్నాడు. తీరాల్సింది ఎంగిలి సమస్య కాదని అప్పుడు అందరికీ తెలిసింది. ఎవరం పైకి అనలేదు. రూమ్మేటు ఒకసారి వాడివంకా, ఒకసారి గూట్లో గ్లాసువంకా చూశాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నేను నిజం చెప్పాలి. ఈ వంట నేను సంఘసంస్కారం కోసం మొదలుపెట్టలేదు, గొప్ప కోసం మొదలుపెట్టాను. ఒకే చట్టి అన్న నియమం పుస్తకంలో చదివినప్పుడు సరదాగా అనిపించింది. దాని చుట్టూ ఎవరెవరు కూర్చోవాల్సి వస్తుందో ఆలోచించలేదు.

అమ్మే లేచి, "ఏం గాలిరా? కుంపటి ఇక్కడుంటే అక్కడ చలి. రా, వచ్చి చాప మీద కూర్చో" అంది. వాడు నాయనమ్మ వైపు చూశాడు. ఆమె గోడవైపు చూస్తోంది. నేను వాడికో పుల్ల ఇచ్చాను. వాడు వచ్చి చాప అంచున కూర్చున్నాడు. మొదటి ముక్కే జారి చట్టిలో పడింది. రూమ్మేటు "జరిమానా!" అని అరిచాడు. వాడు పాడాడు. బడిలో ఆగస్టు పదిహేనుకు పాడిన పాటే. తర్వాత మామూలే, చట్టిలో నాలుగు పుల్లలు ఒకదాన్నొకటి తగులుకుంటూ, కొట్లాడుకుంటూ తిన్నాం.

మేం అంతా అయిపోయిందనుకున్నాక చట్టి అడుగున బంగారురంగు పొర ఒకటి మిగులుతుంది. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు దాన్ని ఏదో మఠంలోని సన్యాసిని పేరు పెట్టినట్టు 'రెలిజియూజ్' అంటారు. అన్నిటికంటే రుచి అదే. ఆ వాసనకు నాయనమ్మ మంచం దిగింది. పాలదాక అడుగున గోకుడు గోకి పిల్లలకు పంచడం మా ఇంట్లో ఎప్పుడూ ఆమె హక్కు. "మీకు చేతకాదు, ఇటివ్వండి" అని చెంచా తీసుకుని, గీరి, ముక్కలు చేసింది. నాకొకటి, రూమ్మేటుకొకటి, అమ్మకొకటి. తర్వాత కాసేపు ఆగింది. వాడికి ఏదైనా పెట్టాల్సివస్తే పైనుంచి జారవిడవడం ఆమె అలవాటు. వాడు అలవాటు ప్రకారం రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆమె వంగి ముక్క ఆ దోసిట్లో పెట్టింది. వేళ్ళు తగిలాయో లేదో నేను చూడలేదు. చూడాలనుకోలేదు కూడా.

మర్నాడు నాయనమ్మతో చెప్పాను. మన పల్నాట్లో పన్నెండో శతాబ్దంలోనే బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు గదా, మాలవాడైన కన్నమదాసును కొడుకన్నాడు గదా, కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో వీరుల ఉత్సవాల్లో చాపకూడు పెడుతూనే ఉన్నారు గదా అని. "నాకు తెలవదా? కారంపూడి తిరునాళ్ళకు ఎన్నిసార్లు పోలా?" అంది. "మరి ఆ గ్లాసు?" అన్నాను. "అది మొదట్నుంచీ వస్తున్న ఆచారం" అంది. ఫాండ్యూ కంటే చాపకూడే మొదట్నుంచీ వస్తున్నదని, ఆచారం పేరుతో చెలామణీ అయ్యేవన్నీ ఒక్క వయసువి కావని చెప్పబోయి ఊరుకున్నాను. ఏడాదికొకసారి ఉత్సవంలో తినే చాపకూడు వేరు, రోజూ మన వసారాలో తాగే టీ వేరు. మా ఇంట్లో ఇన్నేళ్ళూ మొదటిదానికి దణ్ణం పెట్టి, రెండోదాని దగ్గర కళ్ళు మూసుకున్నాం. ఆ కళ్ళు మూసుకున్నవాళ్ళలో చదువుకున్నవాణ్ణి నేను. ఆమెను మాత్రం ఏమనను?

సెలవులైపోయి బయలుదేరేముందు గూట్లోంచి ఆ గ్లాసు తీశాను. తోమి, వంటింట్లో మిగతా గ్లాసుల మధ్య పెట్టాను. అన్నీ ఒకే రకం స్టీలు గ్లాసులు. ఏది ఏదో ఇప్పుడు నాకే తెలియదు, నాయనమ్మకూ తెలియదు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఈ పని చేయడానికి నిజానికి స్విట్జర్లాండు దాకా పోనక్కర్లేదు, కారంపూడి చాలు. అయినా నాకు ఆలస్యంగా తోచింది, తోచినప్పుడే చేశాను.

మిత్రులారా, చలికాలం మళ్ళీ వస్తుంది. హాస్టలు గదిలో కుంపటి కుదరదు, వార్డెను ఊరుకోడు. ఇంటికి వెళ్ళినప్పుడు చేసి చూడండి. చింతపండు పల్చగా, చీజు సన్నగా, సెగ ఇంకా సన్నగా. చట్టి ఒక్కటే పెట్టండి. చాప మాత్రం కాస్త పెద్దది వేయండి.